పాత వస్తువుల మీద నాకంత మమకారం లేదు

"ఆ రోజుల్లో వస్తువులు ఎంత గట్టిగా ఉండేవండీ!" అని ఎవరన్నా మొదలుపెడితే నేను ఊరుకోలేను. పాత రేడియోదో, డయల్ తిప్పే ఫోనుదో ఒక ఫోటో పెట్టి, కింద నిట్టూర్పుతో నాలుగు ముక్కలు రాస్తే చాలు, తలూపేవాళ్లు బోలెడంతమంది పోగవుతారు. ఆ వస్తువులన్నీ నేనూ వాడాను. వాటితో కుస్తీలూ పట్టాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను, వాటిలో చాలావాటికి సగం పనే వచ్చు. మిగతా సగం మనచేత చేయించుకునేవి. పని చెడితే వస్తువును ఎవరూ ఏమీ అనరు, వాడినవాణ్ణి తిడతారు. "నీకు వాడడం రాదు", "నీ చేతిలో ఏదీ నిలవదు", "కాస్త ఓపిగ్గా చెయ్యి". ఇప్పుడేమో ఆ పడిన పాట్లన్నిటినీ ఆనాటి మనుషుల సుగుణాల కింద జమ వేస్తున్నారు. గతిలేక పడ్డ పాట్లవి. వాటికి పూలదండ వేయడం నాకు చేతకాదు.

ఫిల్ము కెమెరానే తీసుకోండి. ఈ మధ్య దాన్ని మళ్లీ నెత్తిన పెట్టుకుంటున్నారు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. రీలుకు 24 బొమ్మలు, లేదంటే 36. రీలు ఎక్కించడమే ఒక పరీక్ష. వెనక మూత తెరిచి, ఫిల్ము కొసను అవతలి చక్రం చీలికలో దూర్చి, అంచున ఉన్న చిల్లులు పళ్లకు పట్టాయో లేదో చూసుకుని మూత వేయాలి. సరిగ్గా పట్టకపోయినా కెమెరా ఆ మాట చెప్పదు. లీవరు తిరుగుతుంది, పైన అంకె మారుతుంది, టిక్కుమని చప్పుడూ వస్తుంది. లోపల ఫిల్ము మాత్రం అంగుళం కదలదు. ప్రయాణమంతా తీసిన ఫోటోల్లో ఒక్కటీ లేదన్న సంగతి కడగడానికి ఇచ్చిన చోట తెలుస్తుంది. తెలిసినవాళ్లు లీవరు లాగినప్పుడల్లా ఎడమవైపు ఉండే రివైండు పిడి కూడా తిరుగుతోందా అని ఓరకంట చూసుకునేవారు. ఆ చిట్కా కెమెరాతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఏ మూలో ఉండేదేమో గాని, చాలామందికి ఒక రీలు పోయాకే ఒంటబట్టింది.

సరే, రీలు పట్టింది. ఎండలో తీయడానికని కొన్న రీలు సాయంత్రం ఇంట్లోకి వచ్చేసరికి పనికిరాదు. అలాగని మధ్యలో మార్చడానికీ లేదు, అయిపోయేదాకా దానితోనే కాపురం. ఫ్లాషు కొడితే అది మళ్లీ సిద్ధమయ్యేదాకా కీచుమంటూ కూస్తుంది. ఆ కూత ఆగేలోపు పిల్లాడి నవ్వు ఆరిపోతుంది. ఎవరు కళ్లు మూశారో, ఎవరి తల తెగిపోయిందో కొన్ని రోజుల తర్వాత గాని తెలీదు. తెలిశాక మళ్లీ తీద్దామంటే ఆ మనుషులు ఒకచోట ఉండరు. అప్పుడు తిట్లు ఎవరికి? తీసినవాడికే. చెయ్యి వణికిందట, వెలుతురుకు ఎదురుగా నిలబెట్టాడట, బటను గట్టిగా నొక్కాడట.

"అందుకే ఆచితూచి తీసేవాళ్లం, ప్రతి ఫోటోకూ విలువుండేది" అంటారు. ఏ మాటకామాట, ఆచితూచి తీసిన మాట నిజమే. ఏం తీసేవాళ్లం? అందరినీ వరసగా నిలబెట్టి, కదలొద్దని గదమాయించి, బిర్రబిగుసుకున్న ముఖాలను తీసేవాళ్లం. రీలు దండగ చేయకూడదన్న భయంతో మామూలు రోజులన్నీ వదిలేశాం. మా ఇంటి పాత ఆల్బమ్ తిరగేస్తే వేడుకలున్నాయి గాని, వంటగది లేదు. అమ్మ చదువుకుంటూ కూర్చున్న మధ్యాహ్నం ఒక్కటీ లేదు. కెమెరా పట్టుకున్న మనిషయితే అసలు ఏ ఫోటోలోనూ లేడు. ఉన్న రంగు ఫోటోలైనా నిలిచాయా అంటే అదీ లేదు. ఆ కాలపు రంగు ప్రింట్లలో అద్దకాలు నిలకడ లేనివి. ఒక రంగు ముందు వెలిసిపోతుంది, మరొకటి మిగిలిపోతుంది. దాంతో ఆకాశం గులాబీ రంగుకు తిరుగుతుంది, ముఖాలు పసుపెక్కుతాయి. ఆ వెలిసిన రంగునే ఇప్పుడు ఫోన్లలో ఫిల్టరుగా పెట్టి అందమంటున్నారు. వాళ్ల సరదాకు నేను అడ్డు రాను గాని, అది అప్పట్లో ఎవరూ కోరుకున్న అందం మాత్రం కాదు.

కొత్తది వస్తూనే బాగుంటుందని నేను అనడం లేదు. కొడాక్‌లో స్టీవ్ సాసన్ అనే ఇంజనీరు 1975లో తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్కో బొమ్మను క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. ఆ బొమ్మలో చుక్కలు మొత్తం కలిపి పదివేలు. ఫిల్ముతో పోలిస్తే పిల్ల గీసిన బొమ్మ. అది బాగుపడడానికి దశాబ్దాలు పట్టింది. బాగుపడింది, అదే నేననేది.

క్యాసెట్టు పేరు వచ్చింది కాబట్టి దాని సంగతీ ఓ మాట. ఫిలిప్స్ వాళ్లు 1963లో తెచ్చిన ఆ చిన్న డబ్బా జేబులో పట్టేది, దాని గొప్పదనమంతా అక్కడే ఉంది. 4 మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని టేపు, సెకనుకు 5 సెంటీమీటర్లు కూడా నడవని వేగం, పాట వెనక ఎప్పుడూ బుస్సుమని ఒక హోరు. టేపు రోలరుకు చుట్టుకుంటే ప్రాణం పోసినంత పని. నలిగిన టేపును మెల్లగా బయటికి లాగి, వేలితో సాపు చేసి, పెన్సిలు దూర్చి తిప్పాలి. ఆ పెన్సిలూ క్యాసెట్టూ పక్కపక్కన పెట్టి "వీటి సంబంధం ఏమిటో ఈ తరానికి తెలుసా?" అని అడిగే బొమ్మ మీరూ చూసే ఉంటారు. తెలియకపోవడం ఈ తరం అదృష్టం. నలిగిన చోట పాట ఎప్పటికీ నీళ్లలో మునిగి లేచినట్టే వినపడేది.

ఇవన్నీ సరదా వస్తువులు, పోతే పోయాయి అనుకోవచ్చు. బతుకుతెరువుతో ముడిపడ్డ వస్తువుల్లో ఇంకా అన్యాయం జరిగింది. టైపు మిషను మీద కార్బన్ కాగితాలతో పనిచేసినవాళ్లను అడగండి. పైన అసలు కాగితం, దాని కింద కార్బను, మళ్లీ పల్చటి కాగితం, మళ్లీ కార్బను. ఈ దొంతరంతా కొసలు కలిపి రోలరులోకి ఎక్కించాలి. కార్బను తిరగబడితే అక్షరాలు అసలు కాగితం వెనక అద్దంలో చూసినట్టు పడతాయి. పేజీ చివరి వరుసలో ఒక్క అక్షరం తప్పు పడిందనుకోండి, దొంతరలో ప్రతి కాగితాన్నీ విడివిడిగా దిద్దాలి. పై కాగితాన్ని రుద్దితే ఆ ఒత్తిడి కిందికి మరక అవుతుంది కాబట్టి, ముందు మధ్యలో చీటీలు దూర్చాలి. గట్టిగా రుద్దితే కాగితం చిరుగుతుంది, మెల్లగా రుద్దితే తప్పు పోదు. ఇంత చేశాక పై అధికారి "ఈ పేరా పైకి మార్చండి" అంటే మొత్తం మొదటికి. ఆయనకది ఒక్క మాట, ఆవిడకది ఒక పూట. ఆవిడ అని ఊరికే అనలేదు. ప్రపంచంలో చాలాచోట్ల ఆ కుర్చీలో కూర్చున్నది ఆడవాళ్లే.

కరెంటు టైపు మిషన్లు వచ్చాక ఈ కష్టం ఇంకా పెరిగింది. వాటి రిబ్బను సిరా రబ్బరుకు లొంగేది కాదు, రుద్దితే మసిలా పాకేది. అమెరికాలో డల్లాస్‌లో ఒక బ్యాంకులో సెక్రటరీగా పనిచేసిన బెట్ నెస్మిత్ గ్రాహం దీనితో విసిగిపోయి, తెల్ల రంగు కలిపి చిన్న సీసాలో పోసుకుని, కుంచెతో తప్పుల మీద పూసుకోవడం మొదలుపెట్టింది. తోటి టైపిస్టులు మాకూ కావాలన్నారు. ఆమె 1956లో దాన్ని అమ్మకానికి పెట్టింది. 1979లో ఆ వ్యాపారాన్ని జిల్లెట్ కంపెనీ 4 కోట్ల 75 లక్షల డాలర్లకు కొనుక్కుంది. తప్పు మీద తెల్లరంగు పూసుకునే సదుపాయానికి అంత గిరాకీ ఉందంటే ఆ మిషను ముందు కూర్చున్నవాళ్లు ఎంత వేగిపోయి ఉంటారో లెక్క వేసుకోండి. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ నొక్కుతూ మనం ఆ సంగతి తలుచుకోం. తలుచుకోనక్కర్లేదు కూడా. కానీ టైపు మిషను టకటకలో సంగీతం ఉందని ఎవరన్నా అంటే మాత్రం, ఆ సంగీతం సాయంత్రానికి ఎవరి వేళ్లలో మోగేదో అడగాలనిపిస్తుంది.

డయల్ ఫోను గురించి ఎక్కువ చెప్పను. చివరి అంకె దగ్గర వేలు జారితే మళ్లీ మొదటినుంచి తిప్పుకోవడం, ఎవరు చేస్తున్నారో తెలియకుండా ఎత్తడం, ఇంటిల్లిపాదీ వింటుండగా హాల్లో నిలబడి గొంతు తగ్గించుకుని మాట్లాడడం. వీటిలో దేన్ని వెనక్కి తెచ్చుకుందామంటారు?

ఇక "గట్టితనం" దగ్గరికి వద్దాం. ఈ వాదనలో అందరూ చూపించే సాక్ష్యం ఒక బల్బు. కాలిఫోర్నియాలోని లివర్మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతోంది. అది నిజమే. ఇప్పుడది ఇచ్చే వెలుగు సుమారు 4 వాట్ల బెడ్‌లైటుతో సమానం అన్న సంగతి మాత్రం ఆ ఫోటో పంచుకునేవాళ్లు చెప్పరు. దాన్ని ఆర్పడం, వెలిగించడం కూడా దాదాపు ఉండదు. ఫిలమెంటును ఎర్రగా, మసకగా వెలగనిస్తే ఎన్నాళ్లయినా ఉంటుంది. దాని కింద కూర్చుని చదువుకోలేం, అంతే. పైగా అది ఒక్కటే మిగిలింది కాబట్టి వార్త అయింది. దానితోపాటు పుట్టి మాడిపోయిన బల్బుల ఫోటోలు ఎవరూ పెట్టరు. పాత వస్తువుల గట్టితనం గురించి మనకున్న నమ్మకంలో చాలా భాగం ఇలాగే మిగిలినవాటిని చూసి కుదిరినదే. చెత్తలోకి పోయిన తొంభై తొమ్మిదీ మన కంటికి కనపడవు.

ఆనాటి కంపెనీలు నిజాయితీగా చేసేవి, ఇప్పటివాళ్లే కావాలని పాడయ్యేట్టు చేస్తున్నారు అనే మాటకూ ఆ బల్బే జవాబు చెబుతుంది. 1924లో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ అనే కూటమి కట్టాయి. ఆస్రామ్, ఫిలిప్స్ అందులో ఉన్నాయి. బల్బు 1000 గంటలే వెలగాలని కట్టుబాటు చేసుకున్నాయి. అంతకుముందు 1500, 2000 గంటలు వెలిగే బల్బులుండేవి. ఎవరి బల్బయినా గీత దాటి ఎక్కువ కాలం వెలిగిందని పరీక్షలో తేలితే ఆ కంపెనీకి జరిమానా. ఆయుష్షు తగ్గిస్తే అదే కరెంటుకు వెలుగు బాగా వస్తుందన్న వాళ్ల వాదనలో కొంత నిజం లేకపోలేదు, కానీ దానికి జరిమానాలెందుకు? రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆ కూటమి చెదిరింది. అలా వచ్చిన వెయ్యి గంటల బల్బునే మన చిన్నప్పటిదాకా వాడాం. అది తిన్న కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగా పోయేది. ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ ఇచ్చే వెలుగుకు అప్పట్లో 60 వాట్లు కావాల్సి వచ్చేది. మాడిన బల్బు మార్చబోయి వేళ్లు కాల్చుకున్న జ్ఞాపకం ఎవరికన్నా తీపిగా ఉంటే వాళ్లతో నాకు వాదన లేదు.

టార్చిలైట్లో సెల్లుల సంగతి ఇంకా చిత్రం. మామూలు జింకు కార్బన్ సెల్లులో జింకు డబ్బానే ఒక ధ్రువం. కరెంటు పుట్టాలంటే ఆ జింకు కరగాలి. అంటే సెల్లు పనిచేసే కొద్దీ దాని గోడే పల్చబడుతుందన్నమాట. చివరికి చిల్లు పడి లోపలి ముద్ద బయటికి కారుతుంది. ఆ చీముతో స్ప్రింగు పచ్చగా తుప్పు పట్టి, కరెంటు పోయిన రాత్రే టార్చి వెలగదు. తన పని తాను చేస్తూ తన గోడను తానే తినేసే వస్తువును తయారుచేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. "వాడనప్పుడు సెల్లులు తీసి పెట్టాలని తెలీదా?" అని మనల్నే అన్నారు. ఆల్కలైన్ సెల్లులు కూడా మరిచిపోతే కారతాయి, కాదనను. కానీ వాటిలో డబ్బా ఉక్కుది, అది కరిగి కరెంటు ఇవ్వదు.

గట్టితనం మాటెత్తితే కార్లను వదలడానికి వీల్లేదు. "ఆ కార్ల రేకు చూశారా, గుద్దితే గోడ కూలాలి" అంటారు. 2009లో అమెరికాలో రోడ్డు భద్రత కోసం పనిచేసే బీమా సంస్థ ఒకటి ఈ సంగతి తేల్చేసింది. 1959 నాటి షెవ్రోలె బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవ్రోలె మాలిబును ఎదురెదురుగా గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించారు. పాత కారు ముందుభాగం డ్రైవరు మీదికి వచ్చేసింది, స్టీరింగు చోటు తప్పింది, తలుపు తెరుచుకుపోయింది. అందులో మనిషి ఉంటే బతకడు. కొత్త కారులో మనిషికి కాలికి దెబ్బ తగిలేది, అంతే. కొత్త కారు బానెట్టు నుజ్జునుజ్జయింది. అది నుజ్జవ్వాలి, దాని పనే అది. గుద్దుడు బలమంతా రేకు మింగేస్తే లోపలి మనిషికి తక్కువ చేరుతుందని బేలా బారెనీ అనే ఇంజనీరు 1950ల మొదట్లోనే చెప్పాడు. భుజం మీదుగా, నడుం చుట్టూ పట్టుకునే మూడు కొసల సీటు బెల్టును వోల్వోలో నీల్స్ బోలిన్ 1959లోనే తెచ్చాడు, ఆ పేటెంటును కంపెనీ అందరికీ వదిలేసింది కూడా. అయినా అది జనం ఒంటి మీదికి రావడానికి చట్టాలు కావలసివచ్చాయి. అప్పటిదాకా కారు చెక్కుచెదరకుండా ఉండేది, పోయేది మనుషులే.

ఫ్రిజ్జుల్లోనూ అలాంటి గట్టితనం ఒకటి ఉండేది. పాతవాటి తలుపులకు లోహపు గడియలుండేవి, మూస్తే లోపలినుంచి తెరవడానికి లేదు. పనికిరాదని ఇంటి వెనక పడేసిన ఫ్రిజ్జులో దాగుడుమూతలకని దూరి, ఊపిరాడక పిల్లలు చనిపోయారు. ఒకరిద్దరు కాదు. లోపలినుంచి తోస్తే తెరుచుకునేట్టు తలుపు ఉండాలని అమెరికా 1956లో చట్టం చేయాల్సివచ్చింది. ఇవాళ ఏ ఫ్రిజ్జుకైనా తలుపు అంచున ఉండే మెత్తటి అయస్కాంతపు పట్టీ ఆ తర్వాత మామూలైంది. చేత్తో లాగితే వచ్చేస్తుంది, చూడ్డానికి ఏమంత గట్టిగా అనిపించదు. నాకదే బాగుంది.

ఇంకా పాత ఫ్రిజ్జుల్లో చల్లదనానికి సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. గొట్టం చిట్లితే ఇంట్లోవాళ్ల ప్రాణం మీదికి వచ్చేది. వాటి బదులు మనిషికి విషం కాని క్లోరోఫ్లోరోకార్బన్లను 1930 ప్రాంతంలో తెచ్చిన బృందానికి పెద్ద థామస్ మిడ్‌గ్లీ. అవి మనిషిని వదిలి ఆకాశంలో ఓజోన్ పొర మీద పడ్డాయని తర్వాత తెలిసింది, 1987లో మాంట్రియల్ ఒప్పందంతో వాటికి తెర దించడం మొదలైంది. ఈ మిడ్‌గ్లీ అంతకుముందే ఇంకో ఘనకార్యం చేసి ఉన్నాడు. పెట్రోలులో సీసం కూడా ఆయన చలవే.

నన్నడిగితే పాత రోజుల మీద మోజుపడేవాళ్లు మొదట చదవాల్సిన చరిత్ర ఇది. ఇంజనులో పెట్రోలు ముందే పేలి టకటకలాడే జబ్బుకు మందుగా టెట్రాఇథైల్ లెడ్ పనిచేస్తుందని 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో మిడ్‌గ్లీ కనిపెట్టాడు. సీసం విషమని అప్పటికి కొత్తగా తెలియాల్సిన పని లేదు, శతాబ్దాలుగా తెలిసిందే. అమ్మేటప్పుడు పేరులో సీసం అన్న మాట రాకుండా 'ఇథైల్' అని పెట్టారు. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట పనివాళ్లకు మతిచలించి, అయిదుగురు చనిపోయారు. కొన్నాళ్లు అమ్మకం ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు పైగా ప్రపంచంలో పెట్రోలుతో నడిచే దాదాపు ప్రతి బండీ తిరిగిన వీధిలో సీసం చల్లుకుంటూ పోయింది.

దీన్ని పట్టుకున్న మనిషి ఆ పని మీద బయల్దేరలేదు. క్లేర్ ప్యాటర్సన్ భూమి వయసు లెక్కగట్టే శాస్త్రవేత్త. ఉల్కల్లో సీసం పాళ్లు కొలిచి, భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చింది ఆయనే. ఆ కొలతలు చేస్తున్నప్పుడు ఎక్కడ చూసినా సీసమే అడ్డం వచ్చేది. గాజు పాత్రల మీద, గాలిలో, మనిషి చర్మం మీద, జుట్టులో. గదిని కడిగి, గాలిని వడగట్టి, ఒంటిమీద బట్టలు మార్పించి నానా తంటాలు పడితే తప్ప కొలత నిలవలేదు. ఇంత సీసం ఎక్కడినుంచి వస్తోందని వెనక్కి వెళితే పెట్రోలు దగ్గర తేలింది. 1965లో ఆ మాట అచ్చువేశాక పరిశ్రమకు ఆయన కంట్లో నలుసయ్యాడు. అయినా వెనక్కి తగ్గలేదు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదని చెప్పగల మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవాళ చెబుతోంది. కార్లకు సీసం కలిపిన పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా. అక్కడ అది ఆగింది 2021లో.

అంటే వీధిలో ఆడుకున్న మన బాల్యం అంతా ఆ గాలిలోనే గడిచింది. "మా కాలంలో పిల్లలు రోజంతా బయటే ఆడుకునేవారు, ఎంత ఆరోగ్యంగా ఉండేవారో" అనే మాట వినపడ్డప్పుడు నాకు ఈ లెక్క గుర్తొస్తుంది. చదువులో వెనకబడ్డ పిల్లాణ్ణి మొద్దు అన్నాం. కుదురుగా కూర్చోలేనివాణ్ణి అల్లరి అని కొట్టాం. వాళ్లలో ఎవరి ఒంట్లో ఎంత సీసం ఉందో ఎవరన్నా కొలిచారా?

పొగ సంగతి దీనితో పోలిస్తే చిన్నది గాని, అదీ గాలి కథే. ఆసుపత్రి వరండాలో, సినిమా హాల్లో, ఆఫీసులో, చివరికి విమానంలో కూడా సిగరెట్లు కాల్చేవారు. విమానంలో పొగతాగేవాళ్లకు వేరే వరసలుండేవి. ఆ గొట్టంలాంటి గదిలో పొగకు గీత ఎక్కడ గీస్తారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. 1973లో పారిస్ దగ్గర ఒక విమానంలో వెనక మరుగుదొడ్డి చెత్తబుట్ట దగ్గర మంట పుట్టి, పొగకు ఊపిరాడక 123 మంది పోయారు. సిగరెట్ పీకే అంటుకుని ఉంటుందని అనుమానించారు. అయినా అమెరికా దేశంలోపలి చిన్న ప్రయాణాల్లో పొగ ఆపింది 1988లో, అదీ విమాన సిబ్బంది గట్టిగా పోరాడితే. వాళ్లకు టికెట్టు కొనుక్కున్నవాళ్లలా దిగిపోయే గమ్యం లేదు మరి, రోజూ అదే పొగలో నడిచేవారు. నేటికీ విమానం మరుగుదొడ్డిలో ఆష్‌ట్రే కనపడుతుంది. ఎవడైనా దొంగతనంగా కాలిస్తే పీకను కాగితాల బుట్టలో పడేయకుండా ఉండాలని నిబంధనే పెట్టారు.

వైద్యం దగ్గరికి వస్తే నాకు మా అమ్మమ్మ కళ్లద్దాలు గుర్తొస్తాయి. శుక్లాలకు ఆపరేషన్ చేసి కంటిలోని కటకాన్ని మొత్తంగా తీసేసేవారు, దాని చోట ఏమీ పెట్టేవారు కాదు. ఆ లోటు పూడ్చడానికే సోడాబుడ్డి కళ్లద్దాలు. వాటి బరువుకు ముక్కు మీద గుంట పడేది. వస్తువులు ఉన్నదానికంటే నాలుగో వంతు పెద్దగా, అంతకంటే దగ్గరగా కనపడతాయి. అద్దం అంచున చూపు ఆనని వలయం ఒకటి ఉండి, మనుషులు అందులోంచి ఉన్నట్టుండి ఊడిపడతారు. అమ్మమ్మ గ్లాసు అందుకోబోతే చెయ్యి గ్లాసుకు ఇవతలే మూసుకునేది. మెట్టు దగ్గర ఆగి, కాలితో తడిమి, అప్పుడు దిగేది. "చూసుకుని నడవొచ్చు కదమ్మా" అనేవారు ఇంట్లో. ఆవిడ చూస్తూనే ఉంది. అద్దాలే అబద్ధం చెబుతున్నాయి.

మందు అప్పటికే ఉంది, అదీ బాధ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం పైకప్పు పగిలి పెర్‌స్పెక్స్ అనే గాజులాంటి ప్లాస్టిక్ ముక్కలు కళ్లలో గుచ్చుకున్న పైలట్లను చూసిన కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ, ఆ పదార్థాన్ని కన్ను తిరగ్గొట్టడం లేదని గమనించాడు. దానితోనే కటకం చేసి 1949లో లండన్‌లో ఒక రోగి కంటిలో అమర్చాడు. తోటి వైద్యుల్లో పెద్దపెద్దవాళ్లు ఆయన్ను ఆడిపోసుకున్నారు. అది మామూలు చికిత్స కావడానికి 1980ల దాకా పట్టింది. ఇవాళ రెండు మూడు మిల్లీమీటర్ల కోతలోంచి మడిచిన కటకాన్ని లోపలికి పంపితే అదే విచ్చుకుంటుంది, కుట్లు కూడా అక్కర్లేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి.

చక్కెర జబ్బుదీ ఇదే కథ. ఇంట్లో రక్తం చుక్కతో చూసుకునే మిషను రాకముందు మూత్రం పరీక్షే దిక్కు. అది చెప్పేది కొన్ని గంటల కిందటి సంగతి. రక్తంలో చక్కెర బాగా పెరిగి మూత్రంలోకి పొర్లితేనే రంగు మారుతుంది. పడిపోతే ఏమీ చెప్పదు, ప్రాణం మీదికి తెచ్చేదేమో ఆ పడిపోవడమే. ఇన్సులిన్ ఎంత ఎక్కించుకోవాలో రోగి దాదాపు ఊహ మీదే లెక్క వేసుకునేవాడు. గాజు సిరంజిని మరిగించి, మొద్దుబారిన సూదిని రాయి మీద నూరి మళ్లీ వాడుకున్నవాళ్లున్నారు. లెక్క తప్పితే పథ్యం సరిగ్గా చేయలేదని చీవాట్లు.

ఇంతా చెప్పి, ఇప్పటివన్నీ బంగారమంటే అబద్ధమే అవుతుంది. కారులో ఏసీ తగ్గించడానికి రోడ్డు మీంచి చూపు తప్పించి గాజు తెర మీద వేలితో వెతుక్కోవడం వెనకడుగే. పాత గుండ్రటి బటను చూడకుండా తిప్పేవాళ్లం. కొన్న వస్తువుకే నెలనెలా చందా కట్టించుకోవడం ఇంకో దిక్కుమాలిన అలవాటు. అన్నిటికంటే నాకు కడుపుమంట జిగురు. ఫోనులో బ్యాటరీ ముసలిదైతే మార్చుకోవడానికి వీల్లేకుండా అంటించేసి, తెరిస్తే హామీ పోతుందని బెదిరిస్తారు. పాత రేడియోకు నాలుగు మరలు విప్పితే లోపలంతా కళ్లముందు ఉండేది, చాలావాటికి సర్క్యూట్ బొమ్మ కూడా లోపలే అంటించి ఉండేది. తరచూ పాడయ్యేది కాబట్టే అలా చేశారని ఎత్తిపొడవచ్చు. అయినా విప్పుకునే హక్కు ఇచ్చారు, అది పెద్ద సంగతే. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని, కొన్ని మినహాయింపులతో, వాడేవాడే తీసి మార్చుకునేట్టు పెట్టాలి. కంపెనీలు ఎన్ని సందులు వెతుకుతాయో చూడాలి.

కాబట్టి పాత రోజులు కావాలనేవాళ్లతో నేను బేరానికి సిద్ధం. ఆ నాలుగు మరలూ, ఆ గుండ్రటి బటనూ నాకిచ్చేయండి. గడియ ఫ్రిజ్జు, పొగ విమానం, సీసం పెట్రోలు, కారే సెల్లులు, పెన్సిలుతో సహా ఆ క్యాసెట్టూ మీరే ఉంచుకోండి.